ఆ ఎనిమిది రోజులు



పాస్కా పండుగ తరువాత వచ్చే ఆదివారం మీరు ఏ గుడికి వెళ్లినా, అది ఏ సంవత్సరమైనా, ఒకే సువిశేషం వింటారు. ఆదివారపు పఠనాలు మూడేండ్లకు మూడు విధాలుగా మారుతుంటాయి గాని, ఈ ఒక్క ఆదివారం మాత్రం ఎప్పుడూ యోహాను సువార్త 20వ అధ్యాయమే, తోమా కథే. ఆ రోజు ప్రసంగంలో పాపం తోమాకు ఏటేటా చీవాట్లు తప్పవు. అనుమానపు తోమా అని పేరు పడిపోయింది. చెప్పిన మాట నమ్మని పిల్లవాణ్ణి ఇంట్లో మనమూ ఆ పేరుతోనే పిలుస్తాం. మన విచారణల్లో తోమాసు, తోమయ్య అని పేర్లున్న పెద్దలు ఎంత నొచ్చుకుంటారో ఏమో! ఆ పునీతుని జీవితాన్ని మొదటి నుండి ఒకసారి చూడండి. ఆ బిరుదు న్యాయమైనదేనా అని మీరే అడుగుతారు.

తోమా అంటే అరమాయికు భాషలో కవలవాడు అని అర్థం. గ్రీకులో దిదీము అన్నా అదే. ఎవరితో కలిసి పుట్టిన కవలవాడో సువార్తలు చెప్పవు. మత్తయి, మార్కు, లూకా పన్నిద్దరి పట్టికలో ఆయన పేరు రాసి ఊరుకున్నారు. ఆయన గొంతు మనకు వినిపించినవాడు యోహాను ఒక్కడే.

బెతానియలో లాజరు చనిపోయినప్పుడు ఆయన మొదటిసారి మాట్లాడుతాడు. అంతకుముందే యూదయాలో ప్రభువును రాళ్లతో కొట్టి చంపబోయారు గనుక, మళ్లీ అటు వెళ్లవద్దని శిష్యులు అడ్డుపడుతున్నారు. ప్రభువు మాత్రం వెళ్లడానికే నిశ్చయించుకున్నాడు. అప్పుడు, చస్తే ఆయనతోనే చద్దామని తోటివారిని లేవదీసినవాడు పేతురు కాదు, యోహాను కాదు, తోమా. కడరా భోజనపు రాత్రి మరోసారి నోరు విప్పాడు. తాను వెళ్లే చోటికి దారి వారికి తెలుసునని ప్రభువు అన్నప్పుడు, చోటే తెలియనప్పుడు దారి ఎలా తెలుస్తుందని అడిగాడు. తెలియనిదానికి తెలిసినట్లు తల ఊపడం ఆయనకు చేతకాదు. అందరికీ ఉన్న సందేహమే అది. అడిగినవాడు ఒక్కడు. తానే మార్గమని ప్రభువు బయలుపరచింది ఆ ప్రశ్నకు జవాబుగానే.

ఇలాంటి మనిషి పాస్కా సాయంత్రం మిగతావారితో ఎందుకు లేడు? తలుపులు మూసుకొని కూర్చున్న ఆ గదిలోకి ప్రభువు వచ్చినప్పుడు తోమా అక్కడ లేడని మాత్రమే సువార్త చెబుతుంది. కారణం చెప్పదు. నాకు తోచింది చెబుతాను. ప్రభువుతో చద్దామని అందరికంటే ముందు అన్నవాడు ఆయనే. తీరా ఒలీవ తోటలో ప్రభువును పట్టుకున్నప్పుడు అందరితోపాటు ఆయనా పారిపోయాడు. ఎక్కువ మాట ఇచ్చినవానికే సిగ్గు ఎక్కువ, దుఃఖమూ ఎక్కువ. అలాంటివాడు నలుగురిలోకి రాలేడు.

మన బూర్గంపాడు వైపు ఇది తెలియని సంగతి కాదు. ఎదిగిన కొడుకును జ్వరానికో రోడ్డు ప్రమాదానికో పోగొట్టుకున్న ఇల్లు ఉంటుంది. నలభై రోజుల పూజ అయిపోతుంది. ఆ తరువాత ఆ తల్లి గుడికి రావడం మానేస్తుంది. నమ్మకం పోయిందని చుట్టుపక్కల అంటారు. అడిగితే ఆమె ఏమీ చెప్పదు, గుడి మెట్లు ఎక్కితే శవపేటిక మోసుకొచ్చిన రోజే కళ్లలో మెదులుతుందని తరువాత ఎప్పుడో ఎవరితోనో అంటుంది.

తోమాకు మిగిలిన శిష్యులు తాము చూసింది చెప్పారు. ఆయన నమ్మలేదు. చేతులలో మేకుల గుర్తులు చూడాలి, వేలు పెట్టాలి, ప్రక్కలో చేయి ఉంచాలి అన్నాడు. ఇక్కడ రెండు సంగతులు గమనించండి. ఒకటి, ఆ పదిమందికి కూడా ప్రభువు తన చేతులూ ప్రక్కా చూపించాడు. వారికి దొరికినదానికంటే తోమా పెద్దగా ఎక్కువేమీ కోరలేదు. పైగా స్త్రీలు సమాధి నుండి వచ్చి చెప్పినప్పుడు అపోస్తలులు అవి పిచ్చి మాటలనుకున్నారని లూకా రాశాడు. మరి వారినెవరినీ మనం అనుమానపువారని పిలవం! రెండవది, తోమా అడిగింది వెలుగు కాదు, మహిమ కాదు. గాయాలు అడిగాడు.

2022 జూలై 16న భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు పెరిగింది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చిన తరువాత అంతటి వరద మళ్లీ అదే. బూర్గంపాడు ఇండ్లలోకి నీళ్లు వచ్చాయి. తరువాత హైదరాబాదు నుండి చుట్టం వచ్చి ఎంతవరకు వచ్చాయని అడిగితే మనం ఏం చేస్తాం? కొత్తగా వేసిన సున్నం చూపించం. గోడమీద బురద గీత ఎక్కడుందో అక్కడికి తీసుకుపోతాం. అతను చేయి పెట్టి చూస్తాడు. అప్పుడుగాని మనం పడ్డది అతనికి అర్థం కాదు. సిలువమీద చనిపోయినవాడే లేచాడా, లేక మరెవరైనా కనిపించారా అన్నదే తోమా ప్రశ్న. గాయాలు లేని క్రీస్తు ఆయనకు అక్కరలేదు.

నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది ఆ తరువాతి ఎనిమిది రోజులు. యోహాను వాటిగురించి ఏమీ రాయలేదు. పదిమంది సంతోషంలో ఉన్నారు, ఒక్కడు లేడు. ఒకే పొయ్యిమీద వంట, ఒకే చోట పడక అయి ఉండవచ్చు. వారు ఆయన్ను వెలివేయలేదు. నమ్మేదాకా మా మధ్యకు రావద్దని అనలేదు. ఆయనా విసుగెత్తి గలిలయకు వెళ్లిపోలేదు. ఎనిమిదవ రోజు ప్రభువు వచ్చేసరికి తోమా ఆ గదిలోనే, వారి మధ్యలోనే ఉన్నాడు. విడిగా ఎక్కడో ఉండగా ప్రభువు ఆయనకు కనిపించలేదు.

ప్రభువు ఆయన అడిగినవన్నీ ఒక్కొక్కటిగా చూపించాడు. తోమా నిజంగా వేలు పెట్టాడా? చిత్రకారులు పెట్టించారు. 1600 ప్రాంతంలో కరవాజ్జో గీసిన చిత్రంలో వేలు గాయంలోకి దిగి ఉంటుంది. సువార్త మాత్రం ఆయన తాకాడని చెప్పదు. ఆయన పలికిన విశ్వాసం చెబుతుంది: యేసును తన ప్రభువని, తన దేవుడని ఒప్పుకున్నాడు. ఆ సువార్తలో అంతకు మించి ఒప్పుకున్నవారు లేరు. చూడకుండా నమ్మేవారు ధన్యులని ప్రభువు అప్పుడే అన్నాడు. వరంగల్ మేత్రాసనం 1952లో, దానినుండి మన ఖమ్మం మేత్రాసనం 1988లో ఏర్పడ్డాయి. ఈ అడవి పల్లెల్లో గురువు వచ్చే రోజుకోసం ఎదురుచూస్తూ, ఉపదేశి చెప్పిన మాట విని నమ్మిన మన తాతలు ఆ ధన్యుల లెక్కలోనివారే.

ఆ తరువాత తిబేరియ సరస్సు వద్ద చేపలకు వెళ్లినవారిలో పేతురు పేరు వెంటనే తోమా పేరే ఉంటుంది. మళ్లీ ఆయన విడిపోలేదు.

క్రీ.శ. 52లో ఆయన కేరళలోని కొడుంగల్లూరులో ఓడ దిగాడని మలబారు క్రైస్తవుల పరంపర. చరిత్రకారులందరూ ఒకటే మాట మీద లేరు. అయితే తోమా కార్యములు అనే పాత సిరియా గ్రంథం, గొండోఫరెస్ అనే రాజు మేడ కట్టమని ఇచ్చిన సొమ్మును తోమా బీదలకు పంచాడని చెబుతుంది. ఆ రాజు కల్పితమనుకున్నారు చాలామంది. 19వ శతాబ్దంలో అతని నాణేలు దొరికాయి. ఆ రాజు నిజంగా ఉన్నవాడే!

చివరకు మైలాపూరు. క్రీ.శ. 72లో అక్కడి కొండమీద ఈటెతో పొడిచి చంపారని పరంపర. ఈటె గాయంలో చేయి పెట్టాలన్నవాడు ఈటెకే బలయ్యాడు. ఆయన అవశేషాలు ఎదెస్సాకు, 1258లో ఇటలీలోని ఒర్తోనాకు చేరాయి. జూలై 3 ఆయన పండుగ. మనకు అది వానలు మొదలై గోదావరి రంగు మారే కాలం.

మన విచారణలనుండి వేళాంగణి యాత్రకు వెళ్లేవారు ఖమ్మంలో రైలెక్కి చెన్నైమీదుగానే పోతారు. ఒక పూట వీలు చేసుకొని శాంతోం దిగండి. 1896లో కట్టిన తెల్లని గుడి, సముద్రానికి దగ్గరలోనే. సమాధి గది కిందుగా ఉంటుంది, మెట్లు దిగి వెళ్లాలి. పెద్దవాళ్లుంటే చేయి పట్టుకొని దింపండి.