దరియా దౌలత్ గోడ మీద టిప్పు సుల్తాన్ గెలుపు

తగరపువలస: ఇక్కడి నుంచి పద్మనాభం కొద్ది కిలోమీటర్ల దూరమే. 1794 జూలై 10న ఆ ఊళ్లోనే విజయనగరం రాజు చిన విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సైన్యంతో పోరాడి ప్రాణాలు వదిలారు. అంతకు 14 ఏళ్ల ముందు, 1780 అక్టోబర్ 3న, విశాఖపట్నంలో కంపెనీ సిపాయిలే తిరగబడ్డారు. ఓడెక్కి మద్రాసు వెళ్లి మైసూరు పాలకుడు హైదర్ అలీ మీద యుద్ధం చేయమంటే ససేమిరా అన్నారు. సుబేదార్ షేక్ మహమ్మద్ నాయకత్వంలో తుపాకులను సొంత అధికారుల మీదకే తిప్పారు.

మద్రాసుకు అంత హడావుడిగా సిపాయిలు ఎందుకు కావాల్సి వచ్చారు? సరిగ్గా 23 రోజుల ముందు కాంచీపురం దగ్గర పొల్లిలూరులో కంపెనీ చిత్తుగా ఓడిపోయింది. ఆ యుద్ధం ఎలా జరిగిందో ఇవాళ్టికీ ఒక గోడ మీద చూడొచ్చు. శ్రీరంగపట్నంలోని దరియా దౌలత్ బాగ్ ప్యాలెస్ గోడ అది. దాన్ని కట్టించింది ఆ యుద్ధంలో స్వయంగా పోరాడిన టిప్పు సుల్తాన్ షహీద్.

కడప ఆడపడుచు కొడుకు

టిప్పు 1750 ప్రాంతంలో బెంగళూరు దగ్గరి దేవనహళ్లిలో పుట్టారు. ఆర్కాటులోని టిప్పు మస్తాన్ ఔలియా దర్గా మీద భక్తితో తల్లిదండ్రులు ఆ పేరు పెట్టారు. తల్లి ఫాతిమా ఫక్రున్నిసా మన కడప ఆడపడుచు. ఆమె తండ్రి మీర్ మొయినుద్దీన్ కడప కోటకు అధిపతిగా పనిచేశారు.

తండ్రి హైదర్ అలీ పెద్దగా చదువుకోలేదు. కానీ కొడుక్కి అరబీ, ఫార్సీ, ఉర్దూ, కన్నడ చెప్పించారు. గుర్రపు స్వారీ, కత్తి, తుపాకీ కూడా నేర్పించారు. 1767లో మొదటి మైసూరు యుద్ధం నాటికి టిప్పుకు నిండా ఇరవై ఏళ్లు లేవు. అప్పటికే గుర్రపు దళంతో మద్రాసు శివార్ల దాకా వెళ్లి కంపెనీ వాళ్లను హడలగొట్టారు.

పొల్లిలూరులో ఏం జరిగింది?

1780లో హైదర్ అలీ పెద్ద సైన్యంతో కర్ణాటక మైదానాల్లోకి దిగారు. అప్పుడు కల్నల్ విలియం బెయిలీ అనే కంపెనీ అధికారి గుంటూరు సీమలో ఉన్నాడు. కాంచీపురంలో ఉన్న హెక్టర్ మన్రో సైన్యంతో వచ్చి కలవమని అతనికి ఆర్డర్ వచ్చింది. దారిలో కొర్తలయార్ పొంగడంతో బెయిలీ రోజుల తరబడి ఆగిపోయాడు. ఆ ఆలస్యం మైసూరుకు కలిసొచ్చింది. సెప్టెంబర్ 6న టిప్పు అతన్ని అడ్డుకున్నారు. 10వ తేదీన తండ్రీకొడుకులు ఇద్దరూ కలిసి పొల్లిలూరు దగ్గర చుట్టుముట్టారు.

బెయిలీ దగ్గర దాదాపు 3,800 మంది ఉన్నారు. మైసూరు రాకెట్లు, ఫిరంగులు వాళ్ల మీద విరుచుకుపడ్డాయి. మందుగుండు బండ్లు పేలిపోయాయి. చాలామంది చనిపోయారు, మిగిలినవాళ్లు ఖైదీలయ్యారు. బెయిలీ కూడా దొరికిపోయి, 1782లో శ్రీరంగపట్నం జైల్లోనే చనిపోయాడు. మన్రో తన పెద్ద ఫిరంగులను కాంచీపురం గుడి కోనేట్లో పడేసి మద్రాసుకు పారిపోయాడు.

గోడ మీది బొమ్మ

హైదర్ అలీ 1782 డిసెంబర్‌లో మన చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేటలో దండులో ఉండగానే కన్నుమూశారు. మలబారులో యుద్ధంలో ఉన్న టిప్పు వచ్చేదాకా ఆ విషయం బయటికి పొక్కనివ్వలేదు. 1784 మార్చిలో మంగళూరు సంధితో రెండో మైసూరు యుద్ధం ముగిసింది. అదే ఏడాది టిప్పు కావేరి ఒడ్డున దరియా దౌలత్ కట్టించి, పడమటి గోడ మీద పొల్లిలూరు విజయాన్ని గీయించారు.

ఆ బొమ్మలో హైదర్, టిప్పు ఏనుగుల మీద నిదానంగా వస్తుంటారు. ఎర్ర కోట్ల కంపెనీ సైనికులు నాలుగు పక్కలా కాపు కాసుకుని చతురస్రంగా నిలబడి ఉంటారు. మధ్యలో మందుగుండు బండి పేలుతుంటుంది. గాయపడిన బెయిలీ పల్లకీలో కూర్చుని, ఇదేం జరిగిందిరా అన్నట్టు నోట్లో వేలు పెట్టుకుని ఉంటాడు. మైసూరు వైపు ఫ్రెంచి సేనాని లాలీ దుర్భిణిలో చూస్తుంటాడు.

సంస్కర్త, పాలకుడు

టిప్పు జీవితం యుద్ధాలతోనే అయిపోలేదు. మైసూరులో పట్టు పరిశ్రమకు పునాది వేశారు. కొత్త నాణేలు, కొత్త క్యాలెండర్ తెచ్చారు. ఇస్తాంబుల్‌కు, ఫ్రాన్స్‌కు రాయబారులను పంపారు. ఆయన దివాన్ పూర్ణయ్య బ్రాహ్మణుడు. 1791లో మరాఠా దండు శృంగేరి మఠాన్ని దోచుకున్నప్పుడు ధనం పంపి ఆదుకున్నారు. ఇంకోవైపు కొడగు, మలబారు ప్రాంతాల్లో ఆయన సైన్యం చేసిన పనుల మీద అక్కడి ప్రజల్లో ఇప్పటికీ కోపం ఉంది. ఆయన చరిత్ర చెప్పేటప్పుడు రెండూ చెప్పాలి.

ఓటమి, షహాదత్

1790లో మొదలైన మూడో యుద్ధంలో కంపెనీ, మరాఠాలు, నిజాం ఒక్కటయ్యారు. 1792 సంధిలో టిప్పు సగం రాజ్యం, 3 కోట్ల 30 లక్షల రూపాయలు ఒప్పుకోవాల్సి వచ్చింది. ఇద్దరు చిన్న కొడుకులను జామీనుగా పంపారు. తెలుగు ప్రాంతాలు నిజాం వాటాకు వచ్చాయి. 1800లో నిజాం వాటిని కంపెనీకి రాసిచ్చేశాడు. రాయలసీమకు దత్త మండలాలు అన్న పేరు అలా వచ్చిందే.

1799లో చివరి యుద్ధం. హైదరాబాద్ నుంచి మీర్ ఆలం నాయకత్వంలో నిజాం సైన్యం కూడా కంపెనీ పక్కన నిలబడింది. మే 4న కోట గోడ బద్దలైంది. టిప్పు కత్తి పట్టి పోరాడుతూ షహీద్ అయ్యారు. ఆయన జనాజా శవాల గుట్టలో దొరికింది. మర్నాడు గుంబజ్‌లో తల్లిదండ్రుల పక్కన దఫన్ చేశారు.

ఆ రోజు కోట మీద దాడి నడిపించిన డేవిడ్ బెయర్డ్ పొల్లిలూరులో ఖైదీగా దొరికినవాడే. దాదాపు నాలుగేళ్లు టిప్పు జైల్లో గడిపాడు. తర్వాత బెయర్డ్ భార్య కోరిక మీద డేవిడ్ విల్కీ అనే చిత్రకారుడు, బెయర్డ్ టిప్పు భౌతికకాయాన్ని కనుక్కున్న దృశ్యాన్ని గీశాడు. 1839లో పూర్తయిన ఆ పెయింటింగ్ స్కాట్లాండ్‌లో ఉంది. బ్రిటన్‌లో టిప్పు మరణం మీద ఇలాంటి బొమ్మలు ఇంకా చాలా వచ్చాయి. స్కూలు పుస్తకాల్లో, ఇంటర్నెట్‌లో మన పిల్లలకు ఎక్కువగా కనిపించేవి అవే.

పొల్లిలూరు బొమ్మ మాత్రం నిలిచింది. యుద్ధాల కాలంలో అది పాడైపోతే, 1799 తర్వాత ఆ ప్యాలెస్‌లో కాపురం ఉన్న ఆర్థర్ వెల్లెస్లీ బాగు చేయించాడు. 1850లలో గవర్నర్ జనరల్ డల్హౌసీ మళ్లీ వేయించాడు. అందుకే ఇప్పుడు కనిపించే రంగులన్నీ టిప్పు కాలానివి కావు, కథ మాత్రం టిప్పు చెప్పించిందే. ఇదే యుద్ధాన్ని కాగితం మీద గీసిన పెద్ద బొమ్మ ఒకటి 2022లో లండన్ వేలంలో 6,30,000 పౌండ్లు పలికింది.

ఇంకో బొమ్మ సముద్రాలు దాటింది. అబ్దుల్ కలాం యువ ఇంజనీరుగా అమెరికా వెళ్లినప్పుడు నాసా వాలప్స్ కేంద్రంలో ఒక యుద్ధ చిత్రం చూశారు. అందులో రాకెట్లు వదులుతున్నది టిప్పు సైనికులు. తన ఆత్మకథలో ఆయన ఈ సంగతి రాసుకున్నారు.

మైసూరు టూర్ వెళ్లే కుటుంబాలు శ్రీరంగపట్నంలో గుంబజ్ దగ్గర ఫాతిహా చదివి తిరిగొచ్చేయకుండా దరియా దౌలత్‌లో కూడా ఓ గంట గడిపితే మంచిది. గోడ ముందు నిలబెట్టి ఎవరు ఎటువైపు పోరాడారో పిల్లలకు చెప్పొచ్చు. విశాఖ రేవులో ఓడ ఎక్కమన్న సుబేదార్ షేక్ మహమ్మద్ కథ కూడా అక్కడే చెప్పాలి. ఆయనకు, ఆ సిపాయిలకు అలాంటి గోడ దొరకలేదు. మనం చెప్పకపోతే పిల్లలకు వాళ్ల పేరు కూడా తెలియదు.