చిట్టెలుకల లెక్క తేల్చిన హాల్డేన్

మీ ఇళ్లలో ఈ మాట వినే ఉంటారు: మనవడికి తాత ముక్కు వచ్చింది, దాంతోపాటే తాత కోపమూ వచ్చింది అని. ముక్కు, కోపం సంగతి అలా ఉంచండి. రెండు లక్షణాలు నిజంగానే జంటగా ఒక తరం నుంచి మరో తరానికి వస్తాయా? క్షీరదాల్లో, అంటే పిల్లలకు పాలిచ్చే జంతువుల్లో, అలా జరుగుతుందని మొదట చూపినవారు పెద్ద పదవుల్లో ఉన్న పండితులు కారు. ఒక అన్న, అతని చెల్లెలు, వారి స్నేహితుడు. ఆ అన్న పేరు జాన్ బర్డన్ శాండర్సన్ హాల్డేన్. ఈ పాఠంలో మీరు ఆయన జీవితం గురించి చదువుతారు.

హాల్డేన్ 1892 నవంబరు 5న ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌లో జన్మించారు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ శరీరధర్మ శాస్త్రవేత్త. బొగ్గు గనుల్లో చేరే విషవాయువులను ఆయన పరిశోధించేవారు. మనిషికంటే చిన్న ప్రాణి విషవాయువుకు త్వరగా లోనవుతుంది. కనుక గనిలోకి చిట్టెలుకలనో కేనరీ పిట్టలనో వెంట తీసుకుపోవాలని ఆయన సూచించారు. అలాగని కన్నకొడుకునూ వదల్లేదు. ఒకసారి గనిలోకి తీసుకుపోయి, నిలబడి షేక్‌స్పియర్ నాటకంలోని ఒక ఉపన్యాసం అప్పజెప్పమన్నారు. కుర్రవాడు కొంత చెప్పేసరికి రొప్పు వచ్చి, కాళ్లు తేలిపోయి కింద పడ్డాడు. నేలమీద మాత్రం ఊపిరి బాగానే ఆడింది. మీథేన్ వాయువు గాలికంటే తేలిక, అది పైకప్పు దగ్గర చేరుతుంది అన్న సంగతి అతనికి ఆ విధంగా వంటబట్టింది. సింగరేణి వైపు నుంచి వచ్చినవారికి ఈ సంగతి కొత్త కాదు. ఇలాంటి చదువును ఈనాటి తల్లిదండ్రులు మెచ్చరు గాని, తన శరీరం మీదనే ప్రయోగం చేసి చూసే అలవాటు హాల్డేన్‌కు తండ్రి నుంచే వచ్చింది.

1901లో తండ్రి ఆయనను డార్బిషైర్ అనే శాస్త్రజ్ఞుని ఉపన్యాసానికి తీసుకువెళ్లారు. బఠానీ మొక్కల మీద మెండెల్ కనుగొన్న సూత్రాలు అప్పుడే మళ్లీ వెలుగులోకి వచ్చాయి. 1908 నాటికి చెల్లెలు నయోమి ఇంటి దగ్గర గినీ పందులను పెంచుతూ ఉండేది. అన్నాచెల్లెళ్లు వాటి పిల్లల రంగులను తరాల వారీగా రాసుకునేవారు. తర్వాత డార్బిషైర్ ప్రచురించిన చిట్టెలుకల లెక్కలు చదువుతుండగా హాల్డేన్‌కు ఒక అనుమానం వచ్చింది. మెండెల్ ప్రకారం రెండు లక్షణాలు దేని దారిన అది పంచుకుపోవాలి. ఈ లెక్కల్లో అలా లేదు. ఇతరుల లెక్కలు చాలవు, సొంతంగా పెంచి చూడమని పెద్దలు చెప్పారు. అన్నాచెల్లెళ్లతో స్ప్రంట్ అనే మిత్రుడు చేరగా, ముగ్గురూ చిట్టెలుకలను పెంచారు.

వారు చూసిన లక్షణాలు రెండు. ఒకటి, ఒంటికి రంగే లేకుండా తెల్లగా పుట్టడం. రెండవది, కళ్లు గులాబీరంగులో ఉండి ఒంటి రంగు వెలిసినట్లు ఉండడం. ఈ రెండింటి జన్యువులూ ఒకే క్రోమోజోమ్ మీద ఉన్నాయి. ఒకే దారానికి గుచ్చిన రెండు పూసలను ఊహించుకోండి. దారం ఎక్కడికి పోతే రెండూ అక్కడికే పోతాయి. అప్పుడప్పుడు దారం నడుమ తెగి మరో దారంతో ముడిపడుతుంది, అప్పుడు జంట విడిపోతుంది. పూసలు దగ్గరగా ఉంటే విడిపోవడం అరుదు, దూరంగా ఉంటే తరచు. దీనినే సహలగ్నత అంటారు.

ఇంతలో 1914లో ప్రపంచ యుద్ధం వచ్చిపడింది. హాల్డేన్ సైన్యంలో చేరారు. స్ప్రంట్ ఫ్రాన్సులో మరణించారు. ఇంకా పెరగవలసిన లెక్కను ఉన్నంతలోనే 1915లో ముగ్గురి పేరుతో అచ్చు వేయించారు. చనిపోయిన మిత్రుని పేరు తీసివేయలేదు.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేసి చూడండి. వంద పిల్లల్లో 15 పిల్లలకు జంట విడిపోయిందనుకోండి. ఆ రెండు జన్యువుల మధ్య దూరం సుమారు 15 సెంటీమోర్గన్లు అంటారు. ఈ కొలతకు ఆ పేరు పెట్టింది హాల్డేనే. ఈ విధంగా పుట్టిన పిల్లలను లెక్కపెట్టి, కంటికి కనబడని జన్యువులకు పటం గీయవచ్చు.

తరువాతి శాస్త్రజ్ఞులు ఆ పటాలతో ఆగలేదు. 1980లలో చిట్టెలుకలో కోరిన జన్యువును పనిచేయకుండా చేసే పద్ధతి వచ్చింది. దానికి మార్గం వేసిన ముగ్గురికి 2007లో నోబెల్ బహుమతి లభించింది. 1992లో అమెరికాలో సిల్వా, టొనెగావా బృందం మెదడులో పనిచేసే ఒక జన్యువును తొలగించి చూసింది. నీటి తొట్టెలో కనబడకుండా మునిగి ఉన్న దిమ్మె చోటును మామూలు చిట్టెలుకలు గుర్తుపెట్టుకున్నాయి. జన్యువు పోయినవి సరిగా గుర్తుపెట్టుకోలేకపోయాయి. జ్ఞాపకశక్తికి జన్యువుతో సంబంధం ఉందని ఆ విధంగా కనబడింది.

ఢిల్లీ పరిసరాల్లో ఉన్నవారికి మానేసర్ తెలిసే ఉంటుంది. అక్కడి జాతీయ మెదడు పరిశోధన కేంద్రం వారు 2012లో ఒక పరిశోధన ప్రచురించారు. మతిమరుపు తెచ్చే అల్జీమర్స్ వ్యాధికి కారణమయ్యే మానవ జన్యువులను చిట్టెలుకల్లో చేర్చి, వాటికి నెల రోజులు అశ్వగంధ వేరు సారం నోటి ద్వారా ఇచ్చారు. మనం పెన్నేరు అనేది దానినే. దారి గుర్తుపెట్టుకునే పరీక్షలో అవి మెరుగుపడ్డాయి. అయితే ఇది చిట్టెలుకల్లో చూసిన ఫలితం. ఇంట్లో పెద్దలకు వైద్యుని అడగకుండా ఇవ్వకండి.

మళ్లీ హాల్డేన్ దగ్గరకు వద్దాం. ఆయన చదివింది గణితం, ప్రాచీన గ్రీకు లాటిన్ సాహిత్యాలు. విజ్ఞానశాస్త్రంలో డిగ్రీ లేదు. అయినా పరిణామానికి గణితంతో పునాది వేసిన ముగ్గురిలో ఒకరయ్యారు. 1937లో జూలియా బెల్‌తో కలిసి, రక్తం గడ్డకట్టని వ్యాధికీ వర్ణాంధత్వానికీ మనుషుల్లో సహలగ్నత ఉందని చూపారు. 1939లో థెటిస్ అనే జలాంతర్గామి మునిగి 99 మంది చనిపోయినప్పుడు, ఒత్తిడి గదిలో తానే కూర్చుని ఏ గాలి ఎంతవరకు భరించగలమో పరీక్షించారు. అలాంటి ప్రయోగాల్లో ఒకసారి మూర్ఛ వచ్చి వెన్నుపూసలు నలిగాయి. ఆ నొప్పి ఆయనను వదల్లేదు. ఒక మచ్చ కూడా చెప్పాలి. సోవియట్ దేశంలో లైసెంకో జన్యుశాస్త్రాన్ని అణచివేసినప్పుడు, కమ్యూనిస్టుగా ఉన్న హాల్డేన్ గట్టిగా ఖండించలేదు.

1957లో భార్య హెలెన్ స్పర్వేతో కలిసి కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థకు వచ్చారు. తరువాత భారత పౌరసత్వం తీసుకున్నారు. లాల్చీ వేసుకున్నారు, మాంసం మానేశారు. ప్రాణిని బాధించకుండా జీవశాస్త్రం చేయవచ్చని శిష్యులకు చెప్పారు. ఒకరు తీతువు పిట్టలు గుడ్లను పొదిగే తీరు గమనించారు. మరొకరు కొబ్బరిచెట్లకు మట్టలు ఎడమకు తిరుగుతాయా కుడికి తిరుగుతాయా అని లెక్కపెట్టారు. చూసే కన్నూ, రాసుకునే ఓపికా ఉంటే చాలు, ఖరీదైన పరికరాలు అక్కరలేదు. పిఠాపురానికి చెందిన ద్రోణంరాజు కృష్ణారావు ఆంధ్రలోని మేనరికాల మీద పరిశోధన చేసి 1960లో ప్రచురించారు.

1962లో హాల్డేన్ భువనేశ్వర్‌కు మారి అక్కడ జన్యుశాస్త్ర పరిశోధనశాల నెలకొల్పారు. 1964 మొదట్లో లండన్‌లో క్యాన్సర్‌కు శస్త్రచికిత్స జరిగింది. ఆసుపత్రిలో ఉండగానే తన జబ్బు మీద హాస్యంగా ఒక పద్యం రాశారు. అలాంటి గుర్తు కనబడితే సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే వైద్యుని దగ్గరకు వెళ్లాలని అందులో హెచ్చరించారు. ఆ ఏడాది డిసెంబరు 1న భువనేశ్వర్‌లో కన్నుమూశారు.

తన దేహాన్ని వైద్య విద్యార్థుల చదువుకు ఇవ్వాలని ముందే రాసి పెట్టారు. అది 1958లో మొదలైన కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు చేరింది.