డాక్టరు గ్రేస్

ఇంగ్లండు దేశమున బ్రిస్టల్ నగరమునకు సమీపమునగల డౌనెండ్ అను గ్రామమున 1848వ సంవత్సరము జూలై 18వ తేదీన విలియం గిల్బర్ట్ గ్రేస్ జన్మించెను. అది విక్టోరియా రాణి పాలించుచున్న కాలము. తండ్రి హెన్రీ గ్రేస్ వైద్యుడు. ఆయనకును, భార్య మార్తాకును క్రికెట్టు ఆటయనిన మిక్కిలి ప్రీతి. తమ పండ్లతోటలో కొంత నేలను చదును చేయించి, అచ్చట కుమారులచే ఆట సాధన చేయించిరి. మేనమామ పోకాక్ వారికి గురువయ్యెను.

1866వ సంవత్సరమున, పదునెనిమిదేండ్ల ప్రాయమున, గ్రేస్ లండనులోని ఓవల్ మైదానమున సర్రే జట్టుపై 224 పరుగులు చేసి అజేయుడై నిలిచెను. ఆ ఆట ముగియకమునుపే నాయకుని అనుమతి గైకొని క్రిస్టల్ పాలెసుకు పోయి, 440 గజముల హర్డిల్సు పందెమున గెలుపొందెను. ఆనాటి మైదానములు గతుకులతో నిండియుండెడివి. బంతి ఎటు లేచునో ఎవరికిని తెలియదు. అట్టి నేలపై అతడు 1871లో 10 శతకములతో 2,739 పరుగులు చేసెను. 1876 ఆగస్టులో ఎనిమిది దినముల వ్యవధిలో వరుసగా 344, 177, 318 పరుగులు సాధించి జనులను ఆశ్చర్యమున ముంచెను.

ఆ కాలమున ఇంగ్లండులో ఆటగాండ్రు రెండు తెగలవారు. కూలికి ఆడు వృత్తి క్రీడాకారులు కొందరు. వినోదమునకై ఆడు పెద్దమనుష్యులు మరికొందరు. గ్రేస్ రెండవ తెగకు చెందినవాడు. అయినను 1873-74లో ఆస్ట్రేలియా యాత్రకు అతడు 1,500 పౌనులు పుచ్చుకొనగా, వృత్తి క్రీడాకారులకు తలకు 170 పౌనులు మాత్రమే దక్కెను. ఇది న్యాయము కాదని పలువురు తలచిరి.

1882లో ఓవల్ మైదానమున ఆస్ట్రేలియాతో పోటీ జరిగెను. జోన్స్ అను యువకుడు పరుగు ముగించి, నేలను సరిచేయుటకు గీత దాటి ముందునకు వచ్చెను. గ్రేస్ బంతితో వికెట్టును పడగొట్టెను. నియమము ప్రకారము జోన్స్ అవుటయ్యెను. కాని ఈ పనికి ఆస్ట్రేలియా బౌలరు స్పాఫర్త్ మండిపడెను. ఇంగ్లండునకు కావలసినవి 85 పరుగులే. గ్రేస్ 32 పరుగులు చేసినను, స్పాఫర్త్ ధాటికి ఆ జట్టు 77 పరుగులకే కూలిపోయెను. నియమము తప్పకున్నను ఔదార్యము లోపించినచో ఎదుటివాని పట్టుదల రెట్టింపగునని ఆ దినము రుజువయ్యెను.

గ్రేస్ 1879లోనే వైద్యపట్టము పొందియుండెను. 1887లో మాంచెస్టరులోని ఓల్డ్ ట్రాఫర్డ్ మైదానమున క్రూమ్ అను తోటి ఆటగాడు బంతికై పరుగెత్తి ఇనుపకంచెపై పడగా, ఇనుపమొన కంఠమున దిగెను. గ్రేస్ గాయపు అంచులను వ్రేళ్లతో అదిమిపట్టి, కుట్టు సూది వచ్చువరకు సుమారు అరగంటసేపు కదలక నిలిచెను. క్రూమ్ బ్రతికెను.

1895లో, నలువదియారేండ్ల వయస్సున, గ్రేస్ నూరవ శతకము పూర్తిచేసి ఆ ఘనత సాధించిన మొదటివాడయ్యెను. 1915 అక్టోబరు 23న మరణించెను.

బాలబాలికలారా! వికెట్టును పడగొట్టినదియు, మిత్రుని కంఠమును పట్టి నిలిపినదియు ఆ చేతులే. వానిలో మనము అనుసరింపదగినది ఏదియో మీరే తెలిసికొనగలరు.