పగలు దఫ్తరు, సాయంత్రం గ్రంథాలయం: మాడపాటి హనుమంతరావు పంతులుగారు

ఆంధ్ర పితామహ బిరుదాంకితులు మాడపాటి హనుమంతరావు పంతులుగారి పేరు మన సభ్యులలో విననివారుండరు. హైదరాబాదు తొలి మేయరుగా, ఆనాటి ఆంధ్రప్రదేశ్ విధాన పరిషత్తు అధ్యక్షులుగా ఆయనను తలచుకుంటాం. ఆ మహనీయుడు కూడా మనలాగే గుమాస్తా కుర్చీలోంచి లేచి వచ్చినవాడేనన్న సంగతి మాత్రం మరుగున పడింది. గుమాస్తాగా బ్రతికినవాణ్ణి గనుక నాకు ఆ భాగం మీదనే మక్కువ.

ఆయన 1885 జనవరి 22న కృష్ణా జిల్లా నందిగామ తాలూకా పొక్కునూరులో జన్మించారు. పసితనంలోనే తండ్రి పోగా మేనమామగారి పంచన పెరిగారు. సూర్యాపేటలోను, హనుమకొండలోను చదువు. ఉర్దూ, పారశీకం క్షుణ్ణంగా వచ్చు. 1904 మొదలు ఎనిమిదేళ్ళ పాటు హనుమకొండ విద్యాశాఖ కార్యాలయంలో గుమాస్తాగిరీ చేశారు.

అదే 1904లో హనుమకొండలో శ్రీ రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం వెలిసింది. దాని స్థాపనలో మన గుమాస్తాగారిదీ ఒక చేయి. అప్పటికి మూడేళ్ళ క్రితమే హైదరాబాదులో శ్రీ కృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం పుట్టింది. మన పాతబస్తీ శాలిబండలో మరాఠీవారి భారత గుణవర్ధక సంస్థ 1895 నాటిదే. జీతానికి కొలువు ఒకచోట, మనసుకు కొలువు మరొకచోట అన్నమాట.

ఇక్కడ ఒక ప్రశ్న. ఆఫీసు వదిలాక గుమాస్తా గ్రంథాలయం నడిపితే సర్కారుకు ఏమి ఒరిగింది? ఆ రోజుల్లో దఫ్తరు భాష ఉర్దూ, రైతు భాష తెలుగు. సాయంత్రాలు తెలుగువారి నడుమ గడిపిన గుమాస్తాకు అర్జీ వెనుక ఉన్న మనిషి కూడా కనిపిస్తాడు. చందాలు వసూలు చేయడం, లెక్క అప్పజెప్పడం, నలుగురిని ఒక తీర్మానానికి తేవడం ఆ సాయంత్రాలే నేర్పుతాయి. ఈ శిక్షణకు ఖజానా నుంచి దమ్మిడీ ఖర్చు లేదు. నేను చూసిన ఆఫీసుల్లోనూ రాత్రిబడి నడిపే గుమాస్తా నోటే ముందు తయారయ్యేది. పని తెలిసినవాడికి కాలం విలువ తెలుసు.

తరువాత పంతులుగారు హైదరాబాదులో సర్కారువారి అనువాదకులై, ఆపై న్యాయపరీక్షలో నెగ్గి, 1917లో వకీలు వృత్తి చేపట్టారు. 1921 నవంబరులో వివేకవర్ధని థియేటరులో సంఘ సంస్కరణ సభ జరిగింది. ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగులో మాట్లాడబోతే సభలో గేలి చేశారు. ఆ రాత్రే పట్టుమని డజను మంది కూర్చుని నిజాం రాష్ట్ర ఆంధ్ర జనసంఘం ఏర్పరచారు. దాని బరువు ఎక్కువగా మోసింది పంతులుగారే. సభ పెట్టాలంటే ముందస్తు అనుమతి కావాలనే గస్తీ నిషాన్ తిర్పన్ కాలమది. దరఖాస్తు ఎలా వ్రాస్తే అభ్యంతరం రాదో దఫ్తరులో పనిచేసినవాడికే బాగా తెలుస్తుంది.

వెట్టిచాకిరీపై ఆయన కరపత్రాలు వ్రాసి, ప్రచురించి, ఊరూరా పంచారు. ఈ సంగతి నేటి కంపెనీలవారు, మన పై అధికారులు గమనించాలి. సెలవురోజున హాజరు పట్టీ పెట్టి, అందరూ మొక్కలు నాటాలని సర్క్యులర్ పంపి, ఫొటో తీయించుకుంటే అది స్వచ్ఛంద సేవ ఎలా అవుతుంది? పేరు మార్చిన వెట్టి. మనసు లేని చోట ఉద్యోగి ఏమీ నేర్చుకోడు, యజమానికీ ఏమీ దక్కదు.

2013 కంపెనీల చట్టం 135వ సెక్షను ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు పెట్టాలి. అయితే ఉద్యోగుల సేవాగంటలకు వెల కట్టి ఆ పద్దులో చూపరాదని కేంద్ర మంత్రిత్వశాఖ 2021లో తేల్చింది. నా ఉద్దేశంలో ఇది మంచికే. లాభం పద్దులో వెతకడం మాని, మనిషిలో వెతుకుతారు. ఇక ప్రభుత్వోద్యోగికి జంకు అక్కరలేదు. 1964 నాటి కేంద్ర ప్రవర్తనా నియమావళి 15వ నియమం ప్రకారం, తన విధులకు భంగం రానంతవరకు ముందస్తు అనుమతి లేకుండానే ప్రతిఫలం లేని సామాజిక, ధార్మిక సేవ చేయవచ్చు. ఈ నియమం తెలియని సెక్షన్ ఆఫీసర్లను ఎందరినో చూశాను. ఉద్యోగంలో ఉన్న మీ పిల్లలకు చెప్పండి.

1928లో పంతులుగారు నారాయణగూడలో ఆంధ్ర బాలికల పాఠశాల నెలకొల్పారు. బోధన తెలుగులో. ఉర్దూ మాధ్యమపు ఉస్మానియా గుర్తింపు దొరకక, పూనాలోని కర్వే మహిళా విశ్వవిద్యాలయంతో సంబంధం పెట్టుకోవలసి వచ్చింది. 1935లో సిరిసిల్ల ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించారు.

1951లో మేయరయ్యేనాటికి ఆయనకు అరవై ఆరేళ్ళు. మనలో చాలామంది పింఛను కాగితాలు సర్దుకుని ఇంటిపట్టున కూర్చునే వయసు. 1954 వరకు ఆ పదవిలో ఉన్నారు. మరుసటి ఏడు పద్మభూషణ్ వచ్చింది. 1958 నుంచి 1964 వరకు విధాన పరిషత్తు అధ్యక్షులు. 1970 నవంబరు 11న కన్నుమూశారు. నారాయణగూడ బడికి తరువాత ఆయన పేరే పెట్టారు.