ఓరుగల్లును ఏలిన వీరనారి రుద్రమ
ఆమె మరణాన్ని తెలిపింది చందుపట్ల శాసనమే

వరంగల్: ఓరుగల్లు కోటను దర్శించే పర్యాటకులకు మొదట ఎదురయ్యేది మట్టికోట. దాన్ని దాటితే అగడ్త, ఆపై సున్నం వాడకుండా పేర్చిన నల్లరాతి గోడ. గణపతిదేవుడు ప్రారంభించిన ఈ రాతికోటను మరింత ఎత్తు పెంచి పూర్తిచేసిన ఘనత ఆయన కుమార్తె రుద్రమదేవిదే. మధ్యలో నాలుగు కీర్తితోరణాలు, కూలిన స్వయంభూ దేవాలయం ఉన్నాయి.

మగసంతానం లేని గణపతిదేవుడు రుద్రమను వారసురాలిగా ఎంచుకొని, రుద్రదేవ మహారాజు అనే పురుషనామంతో పాలనలో భాగస్వామిని చేశాడు. నిడదవోలు చాళుక్య రాకుమారుడు వీరభద్రునితో ఆమె వివాహం జరిగింది. 1262 ప్రాంతంలో రుద్రమ స్వతంత్రంగా పాలన చేపట్టింది. స్త్రీ ఏలుబడిని సహించని సామంతులు కొందరు తిరగబడ్డారు. దేవగిరి యాదవరాజు మహాదేవుడు దండెత్తి వచ్చాడు. అతన్ని ఓడించి తరిమిన తరువాతే ఆమె రాయగజకేసరి బిరుదు ధరించిందంటారు. స్వయంభూ ఆలయ మండపంలో సింహంపై కత్తి, డాలు పట్టి కూర్చున్న స్త్రీమూర్తి రుద్రమదేనని చరిత్రకారుల అభిప్రాయం.

వెనిస్ యాత్రికుడు మార్కోపోలో మోటుపల్లి రేవు గురించి రాస్తూ రాణి న్యాయపాలనను మెచ్చుకున్నాడు. అయితే ఆమెను గతించిన రాజుకు భార్యగా పేర్కొనడం ఆయన పొరపాటు. ఆమె ఆ రాజు కూతురు.

చివరి రోజులు మాత్రం విషాదభరితం. కాయస్థ నాయకుడు అంబదేవుడు స్వతంత్రించి కాకతీయులకు ఎదురు నిలిచాడు. రుద్రమ ఎలా కన్నుమూసిందో చాలాకాలం ఎవరికీ తెలియలేదు. ఆమె 1295 వరకు పాలించిందనే పాఠ్యపుస్తకాలు చెప్పేవి. నల్గొండ జిల్లా చందుపట్లలో వెలుగుచూసిన శాసనం ఆ లెక్కను మార్చివేసింది. రుద్రమదేవి, సేనాని మల్లికార్జున నాయకుడు శివసాయుజ్యం పొందగా, వారి పుణ్యం కోసం పువ్వుల ముమ్మడి అనే భటుడు సోమనాథ దేవునికి భూమిని దానం చేసినట్లు అందులో ఉంది. దాని తేదీ 1289 నవంబరు. యుద్ధంలో మరణించిందని శాసనం నేరుగా చెప్పదు. సేనానితో కలిపి ప్రస్తావించడం వల్ల, అంబదేవునిపై జరిగిన పోరులోనే ఇద్దరూ నేలకొరిగి ఉంటారని చరిత్రకారులు భావిస్తున్నారు. మరుసటి ఏడాది అంబదేవుడు త్రిపురాంతకంలో వేయించిన శాసనం అతని విజయాలను ఏకరువు పెడుతుంది.

మహారాణి కడపటి ఘడియలకు ఆధారం రాజాస్థాన కవి రాసిన కావ్యం కాదు, ఒక సామాన్య భటుడు నిలిపిన రాయి. రుద్రమ తరువాత ఆమె కూతురు ముమ్మడమ్మ కుమారుడు, దత్తత స్వీకరించిన ప్రతాపరుద్రుడు ఓరుగల్లు సింహాసనం ఎక్కాడు. 1323లో ఢిల్లీ సేనలు కోటను పట్టుకునే వరకు ఆయనే ఏలాడు.