ఒకే తీగ, అందరికీ వంతు: ఎమిల్ బోదో జీవితం

పిల్లలూ! మీ అమ్మానాన్నల చిన్నతనంలో దూరపు ఊరికి ఫోను చెయ్యాలంటే ట్రంకాల్ బుక్ చేసి, లైను ఖాళీ అయ్యేదాకా గంటల తరబడి కూర్చోవలసి వచ్చేది. ఇప్పుడు మీరు ఊళ్ళో ఉన్న అమ్మమ్మతో వీడియోలో మాట్లాడుతున్నప్పుడు, అదే దారిలో ఇంకా ఎంతోమంది కబుర్లు ప్రయాణం చేస్తూనే ఉంటాయి. అవన్నీ ఒకదానితో ఒకటి కలిసిపోకుండా ఎలా చేరుతున్నాయి? ఈ ప్రశ్నకు తొలిరోజుల్లోనే చక్కటి జవాబు కనిపెట్టిన వారిలో ఒకరు ఎమిల్ బోదో. ఇంజనీరింగ్ చదివే రోజుల్లో బాడ్ రేట్ అనే మాటను మేము పరీక్షల కోసం బట్టీ పట్టాము. అది ఒక రైతుబిడ్డ పేరు నుంచి వచ్చిందని మాలో చాలామందికి అప్పుడు తెలియదు.

బోదో 1845 సెప్టెంబరు 11న ఈశాన్య ఫ్రాన్సులోని మాన్యో అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. ప్రాథమిక పాఠశాలతోనే చదువు ఆగిపోయింది. ఆ తరువాత తండ్రితో కలిసి పొలం పనులు చేశాడు. 1869లో ఫ్రాన్సు టెలిగ్రాఫ్ శాఖలో శిక్షణ పొందే ఆపరేటరుగా చేరాడు. అక్కడ మోర్స్ పద్ధతి నేర్చుకున్నాడు. అక్షరాలను కాగితం మీద అచ్చువేసే హ్యూస్ యంత్రం మీద కూడా కొన్ని నెలలు శిక్షణ ఇచ్చారు. 1870లో ప్రష్యాతో యుద్ధం వస్తే కొంతకాలం సైన్యంలో పనిచేసి, 1872లో పారిస్ ఉద్యోగానికి తిరిగి వచ్చాడు. ఆరోగ్యం అంతంతమాత్రం. అనారోగ్యం ఆయనను జీవితాంతం వదలలేదు.

ఆ రోజుల్లో టెలిగ్రాములు రోజురోజుకూ పెరుగుతున్నాయి. కొత్త తీగలు వెయ్యాలంటే వందల మైళ్ళు స్తంభాలు పాతాలి, బోలెడంత ఖర్చు. అందరూ తీగలు చాలడం లేదని అనుకుంటుంటే, ఉన్న తీగ చాలాసేపు ఊరికే ఉంటోందని బోదో గమనించాడు. మనిషి వేళ్ళు ఎంత వేగంగా ఆడినా, ఒక అక్షరానికీ మరో అక్షరానికీ మధ్య తీగ ఖాళీయే! ఆ ఖాళీలో ఇంకొకరి అక్షరం పంపితే?

పై అధికారులు ప్రయత్నించమని ప్రోత్సహించారు, కానీ డ్యూటీ అయిన తరువాత సొంత సమయంలోనే చేసుకోవాలి. ఆయన అలాగే చేసి, 1874లో పేటెంటు తీసుకున్నాడు.

ఆయన ఉపాయం అర్థం కావాలంటే ఈ ఆట ఆడి చూడండి. నలుగురు పిల్లలు కమల, పడవ, గడప, వలస అనే మాటలు తలొకటి తీసుకోండి. ఒకరు చప్పట్లు కొడుతుంటే, చప్పట్కు ఒకరు చొప్పున వరుసగా తమ అక్షరం చెప్పాలి. వినేవాళ్ళకు క, ప, గ, వ, మ, డ, డ, ల, ల, వ, ప, స అని వినిపిస్తుంది. ఇందులో అర్థమేమీ లేదు. కానీ వినే నలుగురూ వంతు ప్రకారం తమ అక్షరం మాత్రమే రాసుకుంటే నాలుగు మాటలూ పూర్తిగా వచ్చేస్తాయి. ఒక్క చప్పట్ తప్పారో, కమల అక్షరాలు పడవలోకి ఎక్కుతాయి!

బోదో యంత్రంలో చప్పట్ల పని చేసేది గుండ్రంగా తిరిగే ఒక బ్రష్. అది ఒక్కొక్క ఆపరేటరు భాగాన్ని తాకుతూ వెళుతుంది. ప్రతి ఆపరేటరు ముందూ అయిదు మీటలు ఉంటాయి: ఎడమచేతికి రెండు, కుడిచేతికి మూడు. ఒక్కొక్క మీట నొక్కడం, నొక్కకపోవడం అని రెండు రకాలు కాబట్టి, అయిదు మీటలతో 32 గుర్తులు వస్తాయి. ఇంగ్లీషు, ఫ్రెంచి అక్షరాలు 26కీ అవి చాలు. నలుగురు కూర్చుంటే ఇరవై మీటల సమాచారం ఒకే తీగ మీద వెళ్ళేది. అవతలి ఊళ్ళోనూ అలాంటి బ్రష్షే సరిగ్గా అదే వేగంతో తిరుగుతూ, ఎవరి గుర్తులు వారి యంత్రానికి అందించి కాగితం మీద అక్షరాలు అచ్చు వేయించేది. తన వంతు వచ్చిందని ఆపరేటరుకు టక్కుమనే శబ్దం తెలిపేది. ఆ లయ తప్పకుండా మీటలు నొక్కడానికి చాలా సాధన కావలసి వచ్చేది.

1877లో పారిస్-బోర్డో మధ్య ఈ పద్ధతి మొదలైంది. 1878 పారిస్ ప్రదర్శనలో బంగారు పతకం వచ్చింది. పేరుతో పాటు చిక్కులూ వచ్చాయి. అయిదు గుర్తుల పద్ధతి తనదేనంటూ మిమో అనే మరో టెలిగ్రాఫ్ ఉద్యోగి కోర్టుకు వెళ్ళాడు. ఇంట్లోనూ కష్టమే. 1890 జనవరిలో పెళ్ళయితే, మూడు నెలలు తిరగకుండానే భార్య చనిపోయింది. అయినా ఆయన తన యంత్రానికి మెరుగులు దిద్దుతూనే ఉన్నాడు. 1903 మార్చి 28న, 57 ఏళ్ళ వయసులో పారిస్ దగ్గరి సో పట్టణంలో కన్నుమూశాడు.

తీగ మీద సంకేతం సెకనుకు ఎన్నిసార్లు మారగలదో కొలిచే ప్రమాణానికి 1926లో ఆయన పేరు మీదుగా బాడ్ అని పేరు పెట్టారు. ఆయన బ్రష్షులూ మీటలూ ఇప్పుడు మ్యూజియంలకు చేరాయి, కానీ ఆ ఉపాయం మాత్రం మీ చుట్టూనే ఉంది. చాలా కార్లలో అద్దాలను, సీట్లను కదిలించే ఆజ్ఞలు వంతుల వారీగా ఒకే సన్నని తీగ మీద నడుస్తాయి. లేకపోతే ప్రతి మీటకూ వేరే తీగలు వేసి కారు తలుపులో పెద్ద మోపు కుక్కవలసి వచ్చేది.

పెద్ద డిగ్రీలు చదివిన మేము, ఊరి బడితో చదువు ఆగిన ఈయన పేరు చెప్పుకుని పరీక్షలు పాసయ్యాము. లేనిదాని కోసం వెతికే ముందు, ఉన్నది ఎంతసేపు ఖాళీగా ఉంటోందో చూడటం ఆయన దగ్గర మనం నేర్చుకోవలసిన పాఠం. ఈ శనివారం తెలుగు బడి విరామంలో ఆ చప్పట్ల ఆట ఆడండి. మాటలు మాత్రం మీరే వెతుక్కోండి, మూడేసి అక్షరాలవి!