మరపును కోరిన రచయిత – ఎడ్వర్డ్ బెల్లమీ

మరపు మానవునికి లభించిన వరమని మన పెద్దలు అంటూ ఉంటారు. ఆత్మీయుల వియోగం, చేసిన తప్పు, పొందిన అవమానం నిత్యనూతనంగా మనస్సులో నిలిచి ఉంటే జీవితం దుర్భరమవుతుంది. అయితే ఈ వరం కోరినంత మాత్రాన లభించదు. పుచ్చిన పంటిని తీసివేసినట్లు బాధాకరమైన జ్ఞాపకాన్ని వైద్యుడు తీసివేయగలిగితే ఎట్లుంటుంది? నూటనలభై ఏండ్లకు పూర్వమే ఈ ప్రశ్నను నవలగా మలచిన అమెరికన్ రచయిత ఎడ్వర్డ్ బెల్లమీ. భవిష్యత్ సమాజాన్ని చిత్రించిన 'లుకింగ్ బ్యాక్‌వర్డ్' నవలాకర్తగా ఆయన లోకప్రసిద్ధుడు. ఆ కీర్తి చాటున మరుగుపడిన చిన్న నవల వెలుగులో ఆయన జీవితాన్ని పరిశీలించడం మా ఉద్దేశం.

బెల్లమీ 1850 మార్చి 26న మసాచుసెట్స్ రాష్ట్రంలోని చికోపీ ఫాల్స్‌లో జన్మించాడు. అది నూలుమిల్లుల చుట్టూ పెరిగిన ఊరు. తండ్రి బాప్టిస్టు మతాచార్యుడు. పాపభీతి, పశ్చాత్తాపం, ఆత్మపరీక్ష ఆ ఇంట నిత్యం వినిపించే మాటలు. తన అంతరాత్మ ముందు తానే దోషిగా నిలబడే మనిషి వేదన ఎట్టిదో బాలునికి చిన్ననాడే పరిచయమైనదనుకోవచ్చు.

1867లో వెస్ట్ పాయింట్ సైనిక విద్యాలయంలో చేరబోగా దేహపరీక్షలో ఆయన నెగ్గలేదు. యూనియన్ కళాశాలలో కొద్దికాలం చదివి, 1868లో జర్మనీకి వెళ్లాడు. అక్కడి నగరాలలో పేదవాడల దుస్థితిని కళ్లారా చూశాడు. స్వదేశానికి వచ్చి 1871లో న్యాయవాదిగా అర్హత పొందినా ఆ వృత్తిని వెంటనే విడిచి పత్రికారచనలో ప్రవేశించాడు. 'స్ప్రింగ్‌ఫీల్డ్ యూనియన్' పత్రికలో సంపాదకీయాలు, గ్రంథసమీక్షలు వ్రాశాడు. ఆరోగ్యం క్షీణించగా 1877లో ఉద్యోగం విడిచి హవాయి దీవులకు సముద్రయానం చేశాడు. అటు తరువాత వెలువడినదే 'డాక్టర్ హైడెన్‌హాఫ్స్ ప్రాసెస్' అనే నవల. అది 1880లో పుస్తకరూపం దాల్చింది.

నవల ఒక ప్రార్థనాసభతో ప్రారంభమవుతుంది. తప్పు చేసి పశ్చాత్తప్తుడైన జార్జి బెయిలీ అనే యువకుడు ఆ సభలో లేచి మాట్లాడతాడు. దైవం క్షమించినా, లోకం క్షమించినా, తన జ్ఞాపకం తనను క్షమించదని అతని గోడు. ఆ పిమ్మట అతడు ప్రాణత్యాగం చేస్తాడు. అసలు కథ మాడలిన్ అనే యువతిది. ఆమెను హెన్రీ ప్రేమిస్తాడు. ఆమె మాత్రం ఊరికి కొత్తగా వచ్చిన కార్డిస్ అనే వానిని నమ్మి మోసపోతుంది. సిగ్గుతో బోస్టన్ నగరంలో తలదాచుకొన్న ఆమెను హెన్రీ వెదకి కనుగొని పెండ్లాడతానంటాడు. గతం మనసులో ఉండగా అతని ప్రేమకు తాను తగనని ఆమె కుమిలిపోతుంది.

అప్పుడు డాక్టర్ హైడెన్‌హాఫ్ ప్రవేశిస్తాడు. ప్రతి జ్ఞాపకానికీ మెదడులో ఒక స్థానం ఉంటుందని, రోగి ఆ జ్ఞాపకంపై మనస్సు నిలిపినప్పుడు విద్యుత్తును ప్రసరింపజేస్తే అది నశిస్తుందని అతని సిద్ధాంతం. చికిత్స ఫలిస్తుంది. మాడలిన్ పసిపిల్లవలె నవ్వుతుంది. పెండ్లి ఏర్పాట్లు సాగుతాయి. అంతలో హెన్రీకి మెలకువ వస్తుంది. వైద్యుడు లేడు, యంత్రం లేదు, అంతయు కల. చేతికందినది మాడలిన్ వ్రాసిన కడపటి ఉత్తరం. ఆమె తన జీవితాన్ని ముగించుకోవడానికే నిశ్చయించుకొన్నది.

ఇందులో మమ్మల్ని కలవరపెట్టే అంశం ఒకటి కలదు. చికిత్స అవసరమైనది మోసపోయిన మాడలిన్‌కే గాని మోసగించిన కార్డిస్‌కు కాదు. జ్ఞాపకం ఉంచుకోవలసినవాడు ఏ యంత్రమూ లేకనే మరచిపోతాడు. మరచిపోవలసిన ఆమెను లోకం మరువనీయదు. ఆమె సిగ్గులో సగానికి పైగా లోకం పెట్టినదే. దానిని ఆమె మెదడు నుండి తొలగించినా లోకం మనసు నుండి తొలగించే యంత్రమేది? బెల్లమీ ఆ చికిత్సను కలగా ముగించడంలో ఈ సత్యం స్ఫురిస్తున్నదని మేము భావిస్తున్నాము.

1882లో ఎమ్మా శాండర్సన్‌ను వివాహమాడిన బెల్లమీకి ఒక కుమారుడు, ఒక కుమార్తె. 1884లో వెలువడిన 'మిస్ లుడింగ్టన్స్ సిస్టర్' నవలలో గతాన్ని విడువలేని స్త్రీని చిత్రించాడు. 1888లో ప్రచురితమైన 'లుకింగ్ బ్యాక్‌వర్డ్' ఆయన పేరును ప్రపంచమంతటా వ్యాపింపజేసింది. అందులో జూలియన్ వెస్ట్ అనే ధనికుడు 1887లో నిద్రించి 113 సంవత్సరాల తరువాత, 2000లో మేల్కొంటాడు. దారిద్ర్యం నశించిన నూతన సమాజాన్ని చూస్తాడు. చివర తాను మళ్లీ పాత బోస్టన్‌లో ఉన్నట్లు కల వస్తుంది. ఆకలి, మురికివాడలు, నిర్లక్ష్యంగా విందారగించే మిత్రులు కనిపిస్తారు. మెలకువ వచ్చిన తరువాత అతనికి సంతోషం కన్న సిగ్గే ఎక్కువ. ఆ దుఃఖకాలంలో సుఖంగా బ్రతికి, దానిని మార్చడానికి ఏమీ చేయలేదే అని తలవంచుకొంటాడు.

రెండు నవలలను ప్రక్కప్రక్కన ఉంచి చూడండి. మొదటిదానిలో సుఖం కల, దుఃఖం నిజం. రెండవదానిలో దుఃఖం కల, సుఖం నిజం. ఒక మనిషి జ్ఞాపకాన్ని చెరిపి బాధను పోగొట్టాలనుకొన్న రచయిత, ఎనిమిదేండ్లకు బాధను పుట్టించే లోకాన్నే మార్చాలన్న తలంపునకు వచ్చాడు. జూలియన్ జ్ఞాపకాన్ని ఆయన తొలగించలేదు. సుఖపడినవాడు గుర్తుంచుకోవాలన్నదే అక్కడి నీతి. ఆ ఆశయంతో అమెరికాలో నూరుకు పైగా సంఘాలు వెలిశాయి. 1891 నుండి 1894 వరకు బెల్లమీ 'న్యూ నేషన్' అనే పత్రికను నడిపాడు. క్షయరోగం పీడిస్తుండగా 1897లో 'ఈక్వాలిటీ' నవలను వెలువరించాడు. 1898 మే 22న పుట్టిన ఊరిలోనే 48వ ఏట కన్నుమూశాడు.

విచిత్రమేమనగా, ఆయన ఊహించిన 2000లోనే కరీమ్ నాదర్, జోసెఫ్ లడూ మొదలైన శాస్త్రజ్ఞులు ఎలుకలపై జరిపిన ప్రయోగఫలితాలను ప్రకటించారు. స్మరణకు వచ్చిన భయస్మృతి కొంతసేపు చంచలంగా ఉంటుందని, అప్పుడు మెదడులో ప్రోటీన్ల తయారీని అడ్డగిస్తే అది క్షీణిస్తుందని వారు కనుగొన్నారు. ముందు గుర్తుకు తెచ్చుకొమ్మన్న హైడెన్‌హాఫ్ మాట పూర్తిగా కల్ల కాలేదన్నమాట.

రేపు అట్టి చికిత్స మానవులకు లభించవచ్చు. తీవ్రమైన బాధతో కుములుతున్నవారికి అది లభిస్తే మేము కాదనము. కాని ఆ వైద్యుని గుమ్మం ముందు ఎవరు నిలబడి ఉన్నారో, ఎవరు ఇంట హాయిగా నిదురిస్తున్నారో విద్యార్థిమిత్రులు ఒక్కసారి ఆలోచించాలి. మాడలిన్‌కు మరపు కావాలి. కార్డిస్‌కు జ్ఞాపకం కావాలి.